చంటిబిడ్డతో మొదటి సంక్రాంతి: భోగి నుంచి కనుమ దాకా

ఇంట్లో చంటిబిడ్డ ఉన్న ఏడాది సంక్రాంతి సందడే వేరు. తాతయ్య నెల ముందు నుంచే రేగిపళ్ల గురించి అడుగుతుంటారు, అమ్మమ్మ బుల్లి పరికిణీయో, పట్టు పంచెయో సిద్ధం చేసేస్తారు, ఫోన్‌లో ఫొటోలు చూసిన బంధువులంతా బిడ్డను ఎత్తుకోవడానికి వరుస కడతారు. కానీ ఈ మూడు రోజుల్లో అందరికంటే ముందు అలిసిపోయేది బాలింతే. రాత్రంతా పాలిచ్చి తెల్లవారుజామున కన్ను మూసే సమయానికి భోగి మంట మొదలవుతుంది, పగలు కునుకు తీద్దామంటే వీధి గుమ్మంలో చుట్టాలు ఉంటారు.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక్క లెక్క మీద నడుస్తుంది. ముందు తల్లి నిద్ర, బిడ్డ పాలు. పండగ పనులు వాటి మధ్యలో ఎక్కడ ఇమిడితే అక్కడే. ఇలా చేస్తే పండగ తగ్గిపోదని నా గట్టి నమ్మకం. భోగిపళ్లు, కొత్త బట్టలు, హరిదాసు కీర్తన, పెద్దల ఆశీర్వాదం అన్నీ ఉంటాయి, టెన్షన్ మాత్రం ఉండదు.

మొదటి మెట్టు: పండగ ఎక్కడో తేల్చుకోవడం

దీన్ని డిసెంబరు మొదట్లోనే తేల్చాలి. తేల్చేది బిడ్డ వయసే.

రెండు నెలల లోపు బిడ్డయితే కదిలించకండి. పెంటావాలెంట్, పోలియో, రోటా, న్యూమోకాకల్ టీకాల మొదటి విడత ఆరు వారాలకు పడుతుంది. అప్పటిదాకా బిడ్డకు తల్లి నుంచి వచ్చిన రక్షణే దిక్కు. పైగా ఈ వయసులో కాస్త జ్వరం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. పండగ రోజుల్లో పల్లెలో పిల్లల డాక్టరు దొరకడం కష్టం. చూడాలనుకున్న పెద్దలే వచ్చి చూసి వెళ్లడం మేలు.

రెండు నుంచి ఆరు నెలల మధ్య బిడ్డను తీసుకెళ్లొచ్చు, కానీ ఒక్క ఊరికే. భోగి పుట్టింట్లో, సంక్రాంతి అత్తింట్లో, కనుమ పెద్దమామయ్య ఇంట్లో అని మూడు ఇళ్లు తిప్పితే బిడ్డ నిద్ర, పాలు రెండూ చెదురుతాయి. ఆ తర్వాత వారం రోజుల ఏడుపు భరించేది తల్లే.

ఆరు నెలలు దాటిన బిడ్డకు ప్రయాణం తేలికే గానీ చేతికి అందిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. అప్పుడు జాగ్రత్త ప్రయాణంలో కంటే ఇంట్లో ఎక్కువ కావాలి.

ఇక అసలు చిక్కు, మొదటి సంక్రాంతి ఎవరింట్లో అన్నది. చాలా ఇళ్లలో బాలింత మూడో నెల, అయిదో నెల వరకు పుట్టింట్లోనే ఉంటుంది. నానమ్మ, తాతయ్యలకు మాత్రం వంశాంకురం తమ గుమ్మంలో ఉండాలని ఆశ. ఆ ఆశ తప్పు కాదు, దాన్ని గౌరవిస్తూనే మాట్లాడాలి. అయితే ఆ మాట కోడలి నోట రాకూడదు, కొడుకే చెప్పాలి. “అమ్మా, బిడ్డకు ఇంకా టీకాలు పడలేదు. ఈసారి మీరే భోగికి ఇక్కడికి రండి, భోగిపళ్లు మొదట నువ్వే పోయాలి. ఉగాదికి మేం మన ఇంటికి వస్తాం” అంటే నొచ్చుకునేవారు తక్కువ. మొదటి దోసిలి నానమ్మదే అన్న మాటకు చాలా విలువ ఉంటుంది.

రెండో మెట్టు: డిసెంబరులోనే పూర్తి చేయాల్సినవి

బిడ్డను ఎత్తుకోబోయే పెద్దవాళ్లకు ఫ్లూ టీకా వేయించండి. టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి భోగికి ముందు రోజు వేయించి లాభం లేదు. ఆరు నెలల లోపు బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. చుట్టూ ఉన్నవాళ్లు వేయించుకోవడమే బిడ్డకు కాపు. పండగ నాటికి ఇంకా కడుపుతో ఉన్నవారైతే కోరింత దగ్గు నుంచి బిడ్డను కాపాడే టీడాప్ టీకా గురించి డాక్టరును అడగండి. దాన్ని 27 నుంచి 36 వారాల మధ్య ఇస్తారు.

బిడ్డ టీకా తేదీ పండగ వారంలో పడిందేమో చూసుకోండి. 6, 10, 14 వారాల టీకాలు, తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్-రుబెల్లా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఎక్కడైనా ఉచితంగా వేస్తారు. ఊరు మారినా తల్లీబిడ్డల కార్డు చేతిలో ఉంటే చాలు. ఆ కార్డు బ్యాగులో అన్నిటికంటే పైన ఉండాలి.

రైలైతే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, అంటే సంక్రాంతి టికెట్లకు నవంబరు మధ్యలోనే కూర్చోవాలి. 2024 నవంబరుకు ముందు ఈ గడువు 120 రోజులు ఉండేది, పాత లెక్కలో ఉండిపోకండి. కింది బెర్తు తీసుకోండి. తలుపుకీ, బాత్రూమ్‌కీ దగ్గరి బెర్తులు చంటిబిడ్డకు పనికిరావు.

మూడో మెట్టు: ప్రయాణం

హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు కారులో వెళ్లేవారికి చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేట్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పండగ ముందు రెండు మూడు రోజులు బారులు తీరిన కార్ల మధ్య బిడ్డ గుక్కపెట్టి ఏడిస్తే పక్కకు ఆపడానికి కూడా చోటుండదు. కుదిరితే నాలుగైదు రోజుల ముందే బయలుదేరండి. కుదరకపోతే నగరం దాటగానే ఒకచోట ఆగి కడుపు నిండా పాలిచ్చి, డైపర్ మార్చి, ఆ తర్వాతే టోల్ వైపు వెళ్లండి. ఎంత ఆలస్యమైనా రెండు గంటలకోసారి ఆగాల్సిందే.

బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మన దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. గట్టిగా బ్రేకు పడితే చేతుల్లో బిడ్డ నిలవదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఇంకా ప్రమాదం. వెనక సీట్లో, బిడ్డ ముఖం కారు వెనక వైపు ఉండేలా బిగించే బేబీ సీటు కొనండి, లేదా అద్దెకు తీసుకోండి. పండగ రోజుల్లో బిడ్డతో బైకు మాత్రం అసలు వద్దు. చైనా మాంజాను 2017లోనే నిషేధించినా ఏటా అది ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటూనే ఉంది.

విమానంలో పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు పాలు పట్టండి, చెవుల నొప్పి తగ్గుతుంది. పిండిన తల్లిపాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలు నిలుస్తాయి. డబ్బా పాలు వాడేవారు ముందే కలిపి పెట్టుకోకూడదు. మరిగించిన నీళ్లు ఫ్లాస్కులో, పొడి విడిగా ఉంచుకుని అప్పటికప్పుడు కలపండి. బిడ్డ తాగగా మిగిలినవి పారబోయాలి.

నాలుగో మెట్టు: బిడ్డకో గది

వెళ్లిన ఇంట్లో మొదట అడగాల్సింది ఒక గది. చిన్నదైనా పర్లేదు, తలుపు వేసుకునే వీలుండాలి. పాలివ్వడానికీ, బిడ్డ నిద్రకూ, తల్లి వెన్ను వాల్చడానికీ అదే. పిండివంటల డబ్బాలు, చుట్టాల సూట్‌కేసులు ఆ గదిలో పెట్టనివ్వకండి. ఎవరైనా ఒకటి తీసుకోవడానికని పది నిమిషాలకోసారి తలుపు తీస్తుంటే అది ఉన్నా లేనట్టే.

కోస్తాలో జనవరి చలి పెద్దగా ఉండదు. లంబసింగి, చింతపల్లి, అరకు వైపో, ఆదిలాబాద్ వైపో వెళ్తే మాత్రం ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఎక్కడైనా ఒకటే లెక్క. మీరు వేసుకున్నదాని కంటే బిడ్డకు ఒక్క పొర ఎక్కువ. చేతులు, కాళ్లు కాస్త చల్లగా ఉండటం మామూలే, పొట్ట, వీపు ముట్టుకుని చూడండి. అవి వెచ్చగా ఉంటే సరిపోయినట్టే, చెమట పడితే ఒక పొర తీసేయండి. నిద్రపోయేటప్పుడు ముఖం మీదికి జారే దుప్పట్లు, దిళ్లు వద్దు, వెల్లకిలా పడుకోబెట్టండి.

బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. ఇది మొహమాటం లేకుండా ఆపాల్సిన విషయం. తలుపులు మూసిన గదిలో కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. సాంబ్రాణి పొగ కూడా బిడ్డ ఊపిరితిత్తులకు భారమే. తల ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు. బిడ్డకు వెచ్చదనం కావాలంటే తల్లి గుండెకు హత్తుకోవడం కంటే మంచి ఉపాయం లేదు.

అయిదో మెట్టు: చుట్టాలు, ముద్దులు

ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దగ్గు, జలుబు ఉన్నవారు దూరం నుంచే చూడాలి. ముఖం మీద, చేతుల మీద ముద్దులు వద్దు. పెదవి మీద జ్వరపు పొక్కులు ఉన్నవారు అసలు దగ్గరికే రాకూడదు. ఆ పొక్కుల్లోని హెర్పిస్ వైరస్ నెలల బిడ్డకు ప్రాణాంతకం కాగలదు. పెద్దవాళ్లకు మామూలు జలుబులా వచ్చిపోయే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ కూడా పసివాళ్లకు ఊపిరి ఆడకుండా చేస్తుంది.

ఇదంతా తల్లి చెబితే “కొత్తగా వచ్చిన పద్ధతులు” అంటారు. కాబట్టి ఇంట్లో అందరూ మాట వినే ఒక పెద్దావిడకు ముందే చెప్పి, ఆమెను బిడ్డ దగ్గర కూర్చోబెట్టండి. “పిన్నీ, డాక్టరు గారు మూడు నెలల దాకా ముద్దులు వద్దన్నారు, పాదాలకు దండం పెట్టుకో” అని అమ్మమ్మ నవ్వుతూ అంటే ఎవరూ నొచ్చుకోరు. గుమ్మం దగ్గరే సబ్బు, తువ్వాలు పెట్టడం ఇంకా తేలిక, అడగకుండానే పని జరుగుతుంది.

సందర్శనకు ఒక వేళ పెట్టండి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అంటే అందరికీ వీలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాత్రం తల్లీబిడ్డలు పడుకుంటారని ముందే చెప్పేయండి.

భోగి ఉదయం

భోగి మంట దగ్గరికి బిడ్డను తీసుకెళ్లకండి. ఊరంతా ఒకేసారి మంటలు వేస్తే పొగమంచుతో కలిసి ఆ పొగ నేలబారుగా ఆగిపోతుంది. పసిబిడ్డ నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది, మనకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. పైగా గాలి గొట్టాలు సన్నం. కిటికీలు మూసి, బిడ్డను లోపలి గదిలో ఉంచి, పొగ తగ్గాక తెరవండి. మంట దగ్గర ఉన్నవాళ్లు బట్టలు మార్చుకుని, చేతులు, ముఖం కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.

మంట మీ ఇంటి ముందే అయితే టైర్లు, ప్లాస్టిక్ పడకుండా చూడండి. ఆవు పిడకల దండలు, ఎండు కట్టెలు చాలు. బిడ్డ పేరున ఒక చిన్న పిడకల దండ తండ్రి వేస్తే ఆచారం నెరవేరినట్టే.

భోగి తలంటు బిడ్డకు తెల్లవారుజామున అక్కర్లేదు. ఎండెక్కాక పది, పదకొండు గంటలకు గోరువెచ్చటి నీళ్లతో పోయండి. నీళ్ల వేడి మోచేత్తో చూసుకోవాలి. నూనెతో మెల్లగా మర్దన చేయడం మంచిదే. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయడం, నలుగుపిండితో గట్టిగా రుద్దడం మానాలి. బొడ్డు ఊడని బిడ్డకు తడిబట్టతో తుడిస్తే చాలు. కంటికి కాటుక వద్దు. దిష్టికి కావాలంటే అరికాలికి చుక్క పెట్టండి.

భోగిపళ్లు: ఎలా పోయాలి

పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఈ పండగంతటికీ ప్రాణం ఈ సాయంత్రమే. రేగిపండును అర్కఫలం అని కూడా అంటారు. అర్కుడంటే సూర్యుడు, ఉత్తరాయణం వేళ సూర్యుడికి ఇష్టమైన పండుతో బిడ్డను దీవించడం ఇందులోని భావం. మామూలుగా రేగిపళ్లు, బంతి, చామంతి రేకులు, అక్షింతలు, చిల్లర నాణేలు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు కలిపి పోస్తారు. అయిదేళ్ల పిల్లాడికి ఇదంతా ఆట. చంటిబిడ్డకు మాత్రం కొన్ని మార్చుకోవాలి.

వేళ దగ్గర మొదలుపెడదాం. బిడ్డ పాలు తాగి, ఒక నిద్ర తీసి లేచిన సమయం చూడండి. చీకటి పడేదాకా ఆగితే చాలామంది పసివాళ్లు ఆ వేళలో కారణం లేకుండా ఏడుస్తారు. అయిదు గంటల లోపు ముగిస్తే మంచిది. వచ్చినవారిని కూర్చోబెట్టి, పళ్లెం సిద్ధం చేసి, దీపం వెలిగించాక, చివర్లో బిడ్డను తీసుకురండి.

పళ్లెం రెండు చేయండి. ఒకదాంట్లో కడిగి ఆరబెట్టిన పూలరేకులు, కొద్దిగా అక్షింతలు. ఇది తల మీద పోయడానికి. రెండోదాంట్లో రేగిపళ్లు, నాణేలు, చెరుకు, శనగలు. ఇది బిడ్డ చుట్టూ దిష్టి తిప్పి పక్కన పెట్టిన గిన్నెలో వేయడానికి. నడినెత్తి మీద మాడు ఇంకా మెత్తగా ఉంటుంది, పై నుంచి పడే రేగిపండు, నాణెం కంటికి తగిలినా ప్రమాదమే. కూర్చోగలిగిన బిడ్డకు నాలుగైదు మెత్తటి చిన్న పళ్లు భుజాల మీదుగా ఒళ్లోకి జార్చవచ్చు.

బిడ్డను తూర్పు ముఖంగా తల్లి ఒళ్లోనో, నానమ్మ ఒళ్లోనో కూర్చోబెట్టండి. బొట్టు పెట్టి, ఇంటి పెద్ద ముత్తయిదువ మొదట దోసిట్లో తీసుకుని కుడివైపు మూడుసార్లు, ఎడమవైపు మూడుసార్లు తిప్పి రేకులు మెల్లగా జారవిడవాలి. తర్వాత ఇంట్లోవారు వరుసగా. అందరూ పోయాలని పట్టుపడితే బిడ్డ బెంబేలెత్తుతుంది. అయిదారుగురు పోశాక మిగతావారు అక్షింతలు బిడ్డ పాదాల దగ్గర వేయొచ్చు. హారతి పళ్లెం బిడ్డ ముఖానికి దూరంగా తిప్పాలి, కర్పూరం పొగ దగ్గరగా వద్దు. మొత్తం పది నిమిషాల్లో అయిపోవాలి. పేరంటం, తాంబూలాలు, పాటలు ఆ తర్వాత ఎంతసేపైనా సాగనివ్వండి, బిడ్డ గదిలోకి వెళ్లిపోయి ఉంటుంది.

ఇందులో అతి ముఖ్యమైన పని చివరిది. కింద పడిన ప్రతి నాణెం, ప్రతి శనగ, ప్రతి రేగిగింజ ఊడ్చేయాలి. తల్లి ఒళ్లో, బిడ్డ గౌను మడతల్లో, మెడ దగ్గర వెతకండి. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో చాప ఎత్తి దులిపి, సోఫాల కింద కూడా చూడాలి. ఇవన్నీ గొంతుకు అడ్డుపడే సైజువే. బొమ్మల కొలువు పెట్టేవారు చిన్న బొమ్మలను, నూనె దీపాలను పై మెట్లకు మార్చుకోండి.

సంక్రాంతి రోజు: ఎవరు ఏం తినాలి

ఆరు నెలలు నిండని బిడ్డకు పండగ రోజైనా తల్లిపాలు తప్ప ఇంకేమీ లేదు. నీళ్లూ వద్దు. “నాలుకకు కాస్త పాయసం రాద్దాం” అనే చేతిని ప్రేమగా ఆపండి. తేనె ఏడాది నిండేదాకా వద్దు. అందులో ఉండే అవకాశమున్న బాక్టీరియా వల్ల పసివాళ్లకు బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆరు నెలలు దాటిన బిడ్డకు కొత్త బియ్యం, పెసరపప్పుతో జారుగా వండిన పులగం, ఒక చుక్క నెయ్యితో పెట్టండి. ఉప్పు, బెల్లం వేయకముందే బిడ్డ వాటా తీసి పెట్టుకోవాలి. ఆరో నెలలో అన్నప్రాశన అనుకునేవారికి ఈ రోజు చక్కగా కలిసొస్తుంది.

బాలింతకు అరిసెలు, సున్నుండలు, నువ్వులుండలు హాయిగా పెట్టొచ్చు. నువ్వుల్లో క్యాల్షియం, మినుముల్లో మాంసకృత్తులు ఉంటాయి. పథ్యం పేరుతో కూరలు, పళ్లు, నీళ్లు తగ్గించడం మాత్రం తప్పు. పాలు పడాలంటే తల్లి కడుపు నిండాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలిచ్చే మనిషిని సకినాలు చుట్టడానికీ, జంతికలు వత్తడానికీ కూర్చోబెట్టకండి. ఆమె వంతు పని తండ్రికి అప్పగించండి. పందేల బరి దగ్గరికి వెళ్లే ముందు బిడ్డ బట్టలు ఉతికి ఆరేసి, రాత్రి ఒక వంతు మేలుకునేది ఆయనే కావాలి.

ఇంటి నిండా జనం ఉన్నా కొందరు తల్లులు లోలోపల కుంగిపోతుంటారు. ఏడుపు ఆగకపోవడం, నిద్ర పట్టకపోవడం, బిడ్డ మీద మనసు పోకపోవడం రెండు వారాలు దాటి ఉంటే అది పండగ అలసట కాదు, వైద్యం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కనుమ, ఆ తర్వాత

హరిదాసు, గంగిరెద్దు గుమ్మంలోకి వస్తే బిడ్డను ఎత్తుకుని లోపలి వరండాలో నిలబడి చూపించండి. నాకు పండగలో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అదే, అక్షయపాత్రలో బిడ్డ చేయి తాకించిన గుప్పెడు బియ్యం వేయించండి. సన్నాయి, డప్పు మరీ దగ్గరైతే రెండడుగులు వెనక్కి వేయండి. జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి జనసంద్రాలకు, డీజే పెట్టిన మైదానాలకు బిడ్డను ఇంకో ఏడాది తీసుకెళ్లకండి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇదే కాలం ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ సీజన్. అక్కడ గర్భంలో ఉండగా తల్లి ఆర్‌ఎస్‌వీ టీకా తీసుకోకపోతే ఎనిమిది నెలల లోపు బిడ్డకు ఆ వైరస్ నుంచి కాపాడే నిర్సెవిమాబ్ ఇంజెక్షన్ ఇస్తారు, పిల్లల డాక్టరును అడగండి. కారు సీటు బెల్టు కింద ఉబ్బెత్తు జాకెట్ వేయకూడదు, బెల్టు బిగించాక పైన దుప్పటి కప్పండి. రేగిపళ్లు దొరకకపోతే పూలరేకులు, అక్షింతలతోనే భోగిపళ్లు నిండుగా జరుగుతాయి.

ఈ లక్షణాల్లో ఏది కనిపించినా పండగ ఆపి బయలుదేరండి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడి మగతగా ఉండటం, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేయడం, ఫిట్స్, అరచేతులు, అరికాళ్లు పసుపుపచ్చగా మారడం. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఆ పైన ఏడాది లోపు బిడ్డ 50 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా అంతే. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషం పాటు గడియారం చూసి లెక్కపెట్టాలి. వాహనం దొరకకపోతే 108కి ఫోన్ చేయండి. ఊరు చేరిన రోజే దగ్గర్లో రాత్రిపూట పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రి ఎక్కడో కనుక్కుని, నంబరు ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి.

కనుమ రోజు ప్రయాణం చేయడానికి మన పెద్దలు ఇష్టపడరు. ఈసారి ఆ మాట మీకు కలిసొస్తుంది. రద్దీ తగ్గేదాకా మరో రెండు రోజులు ఉండి, చుట్టాలంతా వెళ్లాక నిదానంగా తిరిగి రండి. వచ్చాక వారం రోజులు బిడ్డ దగ్గు, పాలు తాగే తీరు, రోజుకు కనీసం ఆరు తడి డైపర్లు అవుతున్నాయా లేదా గమనిస్తూ ఉండండి. పండగ వల్ల వాయిదా పడిన టీకా ఉంటే ఆ వారంలోనే వేయించేయండి.